చుక్క మందు లేకుండా విస్కీ రుచి వస్తుందా?

ప్రశ్న: నాకు 51 ఏళ్ళు. విశాఖపట్నంలో ఉద్యోగం. వారానికి మూడు నాలుగు రోజులు రెండేసి పెగ్గులు తీసుకునేవాణ్ణి. మన దేశీ విస్కీయే, సోడాతో. ఫ్యాటీ లివర్ అని తేలాక డాక్టరు గారు పూర్తిగా మానేయమన్నారు. మానేశాను, పెద్ద ఇబ్బందేమీ కాలేదు. చిక్కల్లా ఆదివారం సాయంత్రాలతోనే. చిన్ననాటి స్నేహితులంతా మా మేడ మీదే చేరతారు. వాళ్ళ చేతుల్లో గ్లాసులు, నా చేతిలో కూల్‌డ్రింకు. ఆ తీపికి రెండో గ్లాసుకే వెగటు పుడుతోంది. మందు లేకుండా, విస్కీని పోలిన రుచితో ఇంట్లో చేసుకోగలిగింది ఏదైనా ఉందా? బజారులో దొరికే విస్కీ ఎసెన్సు వాడొచ్చా? ‘ఆ రుచి మళ్ళీ నాలిక్కి తగిలితే అసలుదాని మీదికి మనసు పోదా’ అని మా ఆవిడ భయం. ఏమంటారు?
- ఒక పాఠకుడు, విశాఖపట్నం

సమాధానం: మీ ఆవిడగారు అడిగిందే అసలు ప్రశ్న. ముందు దానికి జవాబు చెప్పుకుని, ఆ తరవాత పొయ్యి దగ్గరికి వెళ్దాం.

అలవాటుగా తాగేవాళ్ళు వేరు, తాగకపోతే ఉండలేని స్థితికి వెళ్ళినవాళ్ళు వేరు. పొద్దున్నే చేతులు వణకడం, చెమటలు పట్టడం, ఇంట్లో దాచుకుని తాగడం, రెండుతో ఆపుదామని కూర్చుని సీసా ఖాళీ చేసి లేవడం, ఇవన్నీ రెండో రకం వాళ్ళ గుర్తులు. వాళ్ళ మెదడు ఆ వాసననీ, ఆ గ్లాసునీ, ఐసుముక్కల చప్పుడునీ, ఆఖరికి సాయంత్రం ఏడింటి వేళనీ కూడా మందుతో ముడివేసి పెట్టుకుంటుంది. మానేసిన కొన్నేళ్ళకు కూడా అందులో ఏ ఒక్కటి తగిలినా కోరిక లేస్తుంది. అలాంటివాళ్ళు విస్కీని పోలిన పానీయం జోలికే పోకూడదు. మజ్జిగో, నిమ్మసోడానో, అల్లం నీళ్ళో, విస్కీకి ఎంత దూరంగా ఉంటే అంత మంచిది. మీరు రాసినదాన్నిబట్టి మీరు ఆ కోవలోకి వచ్చేలా లేరు. అయినా ఒక పని చేయండి. మొదటిసారి దీన్ని స్నేహితుల మధ్య తాగకండి. ఏదో ఒక మామూలు రోజున, ఇంట్లో, మీ ఆవిడ ఎదురుగా కూర్చుని తాగండి. పడుకునేదాకా మనసు ఎటు పోతోందో గమనించుకోండి. ‘బాగానే ఉందే’ అనుకుని వేరే పనిలో పడితే మంచిదే. ‘ఇదే ఇలా ఉంటే అసలుది ఎలా ఉండేదో’ అన్న ఊహ మొదలైందా, మిగిలింది సింకులో పారబోసి, ఇక్కడితో చదవడం ఆపేయండి.

ఇది చదివి తమవాళ్ళ కోసం చేద్దామనుకునే ఇల్లాళ్ళకూ ఒక మాట. మందు మాన్పించడానికి డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఉంది. ఒంట్లో ఆల్కహాలు విరిగే దారిలో మధ్యలో పుట్టే అసిటాల్డిహైడ్ అనే విషపదార్థం దగ్గర అది అడ్డుకట్ట వేస్తుంది. ఆ మాత్ర మింగినవాళ్ళ ఒంట్లోకి కాస్త ఆల్కహాలు పోయినా అసిటాల్డిహైడ్ రక్తంలో పేరుకుని ముఖం కందగడ్డవుతుంది, వాంతులు, గుండెదడ, బీపీ పడిపోవడం దాకా వెళ్తుంది. కొన్ని దగ్గు సిరప్పుల్లో, వెనీలా ఎసెన్సుల్లో ఉండే పాటి ఆల్కహాలు కూడా వాళ్ళకు పనికిరాదు. నేను చెప్పబోయేదాంట్లో అర చెంచా వెనిగర్ ఉంది, దానికైనా సరే ముందు డాక్టర్ని అడగాల్సిందే. ఆ మాత్రను భర్తకు తెలియకుండా కూరలో కలిపి పెట్టే ఇళ్ళు కూడా ఉన్నాయి. అది ప్రాణం మీదికి తెచ్చే పని.

ఇక ఎసెన్సు సంగతి. కేకుల సామాను అమ్మే దుకాణాల్లో ‘విస్కీ ఫ్లేవర్’ పేరుతో చిన్న సీసాలు దొరుకుతాయి. వాసనను పట్టి ఉంచడానికి కొన్నిటిలో ప్రొపిలీన్ గ్లైకాల్ అనే ద్రావకం వాడతారు, కొన్నిటిలో ఆల్కహాలే వాడతారు. సీసా వెనక సన్న అక్షరాలు చదవకుండా కొనకండి. వెనీలా ఎక్స్‌ట్రాక్టు అని రాసి ఉంటే మరీ జాగ్రత్త. అమెరికా నిబంధనల ప్రకారం ఆ పేరు పెట్టాలంటే కనీసం 35 శాతం ఆల్కహాలు ఉండాలి. ఇంటర్నెట్‌లో కనిపించే కాక్‌టెయిల్ తయారీల్లో ‘రెండు చుక్కలు అంగోస్తురా బిట్టర్స్’ అని తేలిగ్గా రాసేస్తారు. గ్లాసులో చేదు కోసం వేసే ఆ మూలికల సారం 44.7 శాతం ఆల్కహాలు, మీరు మానేసిన విస్కీ కన్నా ఘాటు. రెండు చుక్కలతో లివర్‌కు ఏదో అయిపోతుందని నేననను. పూర్తిగా మానేశానని చెప్పుకునే మనిషి వంటింట్లో ఆ సీసా ఉండటం మాత్రం నాకు నచ్చదు. ‘నాన్ ఆల్కహాలిక్’ అని రాసి ఉన్న బీరు డబ్బాల విషయమూ అంతే. మన ఆహార భద్రతా నిబంధనల్లో 0.5 శాతం దాటితేనే అది ఆల్కహాలు పానీయం. అందుకని ఆ మాట కనిపించగానే సున్నా అనుకోకండి, 0.0 అని అంకె వేసి ఉందేమో చూసుకోండి.

ఎసెన్సు మీద నాకున్న అసలు అభ్యంతరం వేరే. అది వాసన ఇస్తుంది, నోటికి ఏమీ చేయదు. సోడాలో నాలుగు చుక్కలు వేసి తాగి చూడండి, ముక్కు విస్కీ అంటుంది, నాలుక సోడా అంటుంది. విస్కీ అంటే ముందుగా నోట్లో జరిగే పని. గుక్క దిగగానే గొంతులో సన్నని మంట, ఆ వెనకే నాలుక మీద ఆరినట్టుండే వగరు, ఊపిరి వదిలితే ముక్కులోకి వచ్చే చెక్క వాసన, నీళ్ళలా జారిపోకుండా కాసేపు నిలిచే చిక్కదనం. ఈ నాలుగూ విడివిడిగా తయారుచేసుకుని ఒక గ్లాసులో కలపాలి. టీ డికాక్షన్‌లో కోలా పోసి ‘విస్కీలాగే ఉంది చూడండి’ అనే వీడియోలన్నీ రంగు దగ్గరే ఆగిపోతాయి.

అన్నిటికన్నా ముఖ్యం మంట. చాలామంది మర్చిపోయేదీ అదే. మన నోట్లో, గొంతులో వేడిని పసిగట్టే గ్రాహకాలున్నాయి, టీఆర్‌పీవీ1 అంటారు. మామూలుగా 42 డిగ్రీలు దాటిన వేడి తగిలితేనే అవి ‘కాలుతోంది’ అని చెబుతాయి. ఆల్కహాలు తగిలితే ఆ హద్దు 34 డిగ్రీల దగ్గరికి దిగిపోతుంది. మన నోటి వేడే 37 డిగ్రీలు కాబట్టి, ఉన్న వేడికే మంట పుడుతుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్, మిరియాల్లోని పైపరిన్, అల్లంలోని ఘాటు పదార్థాలు తట్టేది కూడా ఆ తలుపే. అంటే విస్కీ మంటకు కావలసిన సరుకు మన పోపులపెట్టెలోనే ఉంది. తేడా ఉన్నది నడకలో. మిరపకాయ మంట నాలుక మీద కూర్చుని కదలదు. మిరియాలది కాస్త లోపలికి పోతుంది. అల్లం, శొంఠి గొంతులో పట్టుకుంటాయి. విస్కీ మంట ఒక్కసారి లేచి, గొంతు దాటి, కొన్ని క్షణాల్లో చల్లబడుతుంది. అందుకే ఒక్కదాన్నే నమ్ముకోకుండా మూడింటినీ కొంచెం కొంచెంగా వాడాలి. పెద్దపాలు శొంఠిది, తరవాత మిరియాలది, మిరపకాయ పేరుకు మాత్రమే.

వగరు తేలిక. విస్కీని నిలవ ఉంచే పీపా చెక్కలోంచి దిగే టానిన్లు అనే వగరు పదార్థాల వల్ల వచ్చే ఆ ఆరుదల చిక్కటి బ్లాక్ టీలో కావలసినంత ఉంది.

వాసన దగ్గరికి వస్తే మనం అదృష్టవంతులం. స్కాట్లండ్‌లో తయారైన మద్యాన్ని స్కాచ్ అనాలంటే ఓక్ పీపాల్లో కనీసం 3 ఏళ్ళు నిలవ ఉంచాలి. అమెరికా వాళ్ళ బర్బన్ విస్కీకైతే లోపలి గోడలు నల్లగా కాల్చిన కొత్త ఓక్ పీపాలే వాడాలి. చెక్క కాలినప్పుడు అందులోని లిగ్నిన్ విరిగి వెనిలిన్ పుడుతుంది, విస్కీలో వెనీలా వాసన అదే. లవంగంలో ఉండే యూజినాల్ అనే వాసన పదార్థమే ఓక్‌లోనూ ఉంది. మనకు ఓక్ చెక్క దొరకదు. దొరికినా, సామిల్లు నుంచి ఏదో చెక్కముక్క తెచ్చి నానబెట్టే పని మాత్రం ఎప్పుడూ చేయకండి, దానికి ఏ పురుగుమందు కొట్టారో తెలియదు. మనకున్నది నన్నారి. సుగంధిపాల వేరు అన్నా అదే. అనంతపురం, కడప, కర్నూలు వైపు ఎండాకాలం వచ్చిందంటే నన్నారి షర్బత్తు లేని వీధి ఉండదు. ఆ వేరు వాసనకు మూలమైన పదార్థమూ, వెనిలినూ ఒకే అణుసూత్రం ఉన్నవి. అవే పరమాణువులు, అన్నే ఉన్నాయి, అమరికలో మాత్రం చిన్న తేడా. అందుకే నన్నారి వాసన చూడగానే వెనీలా గుర్తొస్తుంది, దానికి తోడు మట్టీ చెక్కా కలిసిన వాసన ఒకటి ఉంటుంది. విస్కీ పనికి నాకైతే వెనీలా కన్నా ఇదే మేలనిపిస్తుంది. షర్బత్తు సీసా కొనకండి, అందులో ఉండేదంతా చక్కెర పాకం. ఆయుర్వేద మూలికలు అమ్మే కొట్టులో ఎండు వేరు అడగండి.

రెండోది మెంతులు. నవ్వకండి. మెంతుల్లో సోటోలాన్ అనే పదార్థం ఉంది. మాడిన చక్కెరా, పాత బెల్లమూ కలిసిన వాసన దానిది. ఏళ్ళ తరబడి పీపాల్లో ఉంచిన రమ్ములోనూ, కొన్ని రకాల పాత వైన్లలోనూ ఉండేది కూడా అదే. ఐదారు గింజలు ముదురు గోధుమరంగు వచ్చేదాకా వేయించి వేస్తే, ఇదేదో పాత సీసా అన్న భ్రమ వస్తుంది, బిట్టర్స్ ఇవ్వాల్సిన చేదు కూడా వచ్చేస్తుంది. పది దాటాయంటే మాత్రం గ్లాసులోంచి ఊరగాయ జాడీ పలకరిస్తుంది.

మీరు తాగింది దేశీ విస్కీ అన్నారు కాబట్టి ఒక వెసులుబాటు ఉంది. మన దగ్గర విస్కీ పేరుతో అమ్ముడయ్యే వాటిలో చాలావాటికి మూలం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిట్. ధాన్యం నుంచి తీయనిదాన్ని యూరోపియన్ యూనియన్ విస్కీ అననివ్వదు, అది వేరే పంచాయితీ. మీకు పనికొచ్చే విషయం ఏమిటంటే, మీ నాలుకకు గుర్తున్న రుచిలో పొగ వాసన దాదాపు లేదు. కారమెల్ తీపి, వెనీలా, మంట, ఇవే ఎక్కువ. కాబట్టి పొగ కోసం మీరు తంటాలు పడక్కర్లేదు. పొగ వాసన స్కాచ్ అలవాటున్న స్నేహితులెవరైనా అడిగితే, ఒక నల్ల యాలక్కాయ చితక్కొట్టి మిగతావాటితో పాటు మరిగించండి. దాన్ని కట్టెల పొగ మీద ఆరబెడతారు కాబట్టి ఆ వాసన దాంట్లోనే ఉంటుంది. ఇంకా కావాలంటే చైనాలోని ఫూజియన్ కొండల్లో పైన్ కట్టెల పొగ పట్టించే లాప్సాంగ్ సూచాంగ్ అనే టీ ఆన్‌లైన్‌లో దొరుకుతుంది. మామూలు టీ పొడిలో సగం తగ్గించి దాన్ని వేస్తే చాలు.

ఇప్పుడు పని మొదలెడదాం. ఐదు పెద్ద పెగ్గులకు, అంటే సుమారు 300 మిల్లీలీటర్ల చిక్కటి కషాయానికి చెబుతున్నాను. కషాయం అనగానే మొహం ముడుచుకోకండి, పేరు ఏదైనా పెట్టుకోవచ్చు.

ముందురోజు రాత్రే మొదలుపెట్టాలి. అర చెంచా తుమ్మ బంక పొడిని రెండు పెద్ద చెంచాల గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి. లడ్డూల్లో వేసుకునే, తినడానికి పనికొచ్చే రకమే కొనాలి. చిక్కదనం కోసం ఇది. 19వ శతాబ్దపు బార్లలో కూడా కాక్‌టెయిళ్ళకు వాడే చక్కెర పాకంలో ఇలాంటి జిగురే కలిపేవారు. మామూలుగా చక్కెర పోసి తెచ్చుకునే చిక్కదనాన్ని మీరు దీంతో తెచ్చుకుంటున్నారు. ఎందుకో కాస్త కిందికి వెళ్ళాక చెబుతాను.

ఐదారు మెంతులు వేయించి పక్కన పెట్టుకోండి. అర లీటరు నీళ్ళలో ఆ మెంతులు, కచ్చాపచ్చాగా దంచిన 12 మిరియాలు, అంగుళం శొంఠి కొమ్ము దంచి, 2 లవంగాలు, అర అంగుళం దాల్చిన చెక్క, పది నల్ల ఎండు ద్రాక్షలు, గింజలు తీసేసిన ఎండు మిరపకాయలో పావు ముక్క వేసి సన్నటి సెగ మీద పది పన్నెండు నిమిషాలు మరగనివ్వండి. మీ ఇంట్లో ఉన్నది ఘాటైన గుంటూరు కాయ అయితే పావు కన్నా తక్కువే వేయండి. బ్యాడిగి అయితే సగం వేసినా ఇబ్బంది లేదు. ఎండు ద్రాక్ష తీపి కోసం కాదు. షెర్రీ వైను నింపి ఖాళీ చేసిన పీపాల్లో ఉంచే విస్కీలకు ఎండు పళ్ళ వాసన ఉంటుంది, దాని కోసం. పచ్చ యాలకలు, జాపత్రి, అనాసపువ్వు, బిర్యానీ ఆకు, వీటిలో ఏ ఒక్కటీ వద్దు. ‘కాస్త వేస్తే ఇంకా బాగుంటుందేమో’ అని చెయ్యి ఊరుకోదు, నాకు తెలుసు. అవి పడ్డాయంటే మీ స్నేహితులు బిర్యానీ ఎప్పుడు వస్తుందని అడుగుతారు.

పొయ్యి కట్టేశాక, నీళ్ళు ఇంకా పొగలు కక్కుతుండగానే, రెండు చెంచాల టీ పొడి, ఒక చెంచా దంచిన నన్నారి వేరు వేసి మూత పెట్టండి. వేరును ముందే కడిగి మట్టి పోగొట్టండి. మరిగే నీళ్ళలో వేస్తే దాని వాసన ఆవిరితో వెళ్ళిపోతుంది, మీ వంటిల్లు ఘుమఘుమలాడుతుంది గానీ గ్లాసులో ఏమీ మిగలదు. టీ ఐదు నిమిషాలు దాటకూడదు. దాటితే వగరు పోయి కటిక చేదు వస్తుంది. పల్చటి బట్టలో వడకట్టండి. పిండకండి, పిండితే మడ్డి దిగుతుంది. మిరపకాయ ఘాటు నీళ్ళలో సరిగా కరగదు, నలకలను పట్టుకుని ఉంటుంది. ఆ మడ్డి అడుగున చేరితే ఆఖరి గుక్క గొంతు పట్టేసుకుంటుంది.

ఇక రంగు. చిన్న గిన్నెలో రెండు చెంచాల చక్కెర నీళ్ళు పోయకుండా కరిగించి, బంగారు రంగు దాటి, ఎర్రబడి, సన్నగా పొగ లేచి కాఫీ రంగుకు వచ్చేదాకా మాడ్చండి. దించి, మొహం దూరంగా పెట్టుకుని, మూడు చెంచాల వేడినీళ్ళు పోయండి. బుస్సున పొంగుతుంది, పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. ఇంతలా మాడితే తీపి చాలావరకు పోయి చేదూ కమ్మదనమూ మిగులుతాయి. స్కాచ్‌లో రంగు కోసం కలపడానికి చట్టం ఒప్పుకునేది కూడా మాడ్చిన చక్కెర రంగునే. ఈ చక్కెర నీళ్ళు, వడకట్టిన బంక నీళ్ళు, అర చెంచా యాపిల్ సైడర్ వెనిగర్, చిటికెడులో సగం ఉప్పు, అన్నీ కషాయంలో కలిపి సీసాలో పోసి రాత్రంతా ఫ్రిజ్‌లో ఉంచండి. పొద్దునకు మసాలాల కోపం తగ్గి అన్నీ ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పైతేట మరో సీసాలోకి వంచుకుని అడుగు పారబోయండి. ఫ్రిజ్‌లో నాలుగు రోజులు నిలవ ఉంటుంది. దీంట్లో పాడవకుండా కాపాడే ఆల్కహాలు లేదు కదా, వారాల తరబడి దాచుకోకండి.

తాగే పద్ధతి కూడా రుచిలో భాగమే. చల్లదనం మంటను చంపుతుంది. మీరు తట్టబోయే గ్రాహకం వేడిది కాబట్టి, గ్లాసు నిండా ఐసు వేస్తే చేసిన శ్రమంతా వృథా. పెద్ద ముక్క ఒక్కటి చాలు. 60 మిల్లీలీటర్ల కషాయానికి 90 నుంచి 120 దాకా సోడా పోసుకోండి. తీపి లేని మామూలు సోడా, గోలీ సోడా అయినా సరే. టానిక్ వాటర్ వద్దు, అందులో చక్కెర ఉంటుంది. సోడా గ్యాసు కూడా ముక్కులో చురుక్కుమనిపిస్తుంది, అది మనకు కలిసొచ్చేదే. చివరగా కమలాపండు తొక్క చిన్న ముక్క, లోపలి తెలుపు లేకుండా చెక్కి, గ్లాసు మీద పట్టుకుని మెలిపెట్టండి. తొక్కలోని నూనె కంటికి కనబడీ కనబడకుండా పైన చిమ్ముతుంది. ముక్కు గ్లాసు దగ్గరికి రాగానే ముందు తగిలేది ఆ వాసనే. ఓల్డ్ ఫ్యాషన్డ్ అనే పాత కాక్‌టెయిల్‌లో చేసేది ఇదే. సోడా లేకుండా, ఒక్క ఐసుముక్కతో, ఈ తొక్కతో తాగితే మీది ఓల్డ్ ఫ్యాషన్డ్ వరస, సోడాతో తాగితే మీ పాత వరస. చన్నీళ్ళు కలిపి మాత్రం తాగకండి. అసలు విస్కీ నీళ్ళకు తట్టుకుంటుంది, ఇది తట్టుకోదు, పల్చటి చల్లటి టీ అయి కూర్చుంటుంది.

అన్నిటికన్నా దగ్గరగా మోసం చేసేది వేడి గ్లాసు. చలికాలంలో అరకో లంబసింగో వెళ్ళినప్పుడు ఫ్లాస్కులో వేడినీళ్ళు పట్టుకెళ్ళి, 60 మిల్లీలీటర్ల కషాయానికి రెండింతలు పోసి, ఒక నిమ్మ చక్రం వేసి తాగి చూడండి. చల్లటి గ్లాసులో ఆల్కహాలు చేసే రెండు పనులు, వాసనను ముక్కు దాకా ఎగరేయడమూ, గొంతును వెచ్చబరచడమూ, రెండూ ఇక్కడ వేడే చేసిపెడుతుంది. స్కాట్లండ్ వాళ్ళ హాట్ టాడీకి ఇది తమ్ముడు వరస.

మొదటిసారికే కుదరకపోవచ్చు. తాగుతుంటే ఏం తక్కువైందో నోరే చెబుతుంది. నాలుక చివర మండి గొంతులో ఏమీ లేకపోతే మిరపకాయ తీసేసి శొంఠి పెంచండి. గొంతు మండి నోరు ఖాళీగా ఉంటే టీ చాలలేదు. అన్నీ ఉండి కూడా ‘షర్బత్తు’ అనిపిస్తే వెనిగర్ పావు చెంచా, ఉప్పు రెండు పలుకులు కలపండి. ఎసిడిటీ ఉంటే మిరపకాయ పూర్తిగా మానేసి మిరియాలు సగం చేసుకోండి. తీపి కోసం అతిమధురం వేయమని ఎవరైనా చెబుతారు. రుచికి బాగానే ఉంటుంది గానీ బీపీని పెంచుతుంది, మీ వయసులో దాని జోలికి పోకపోవడమే మంచిది. రాత్రి పూట టీ ఏమిటని మీ ఆవిడ అడిగితే, ఒక్కో పెగ్గులో పడేది అరకప్పు టీలో ఉన్నంత కూడా కాదని చెప్పండి. మూడోది మాత్రం వద్దు.

చక్కెర విషయం చెబుతానన్నాను. లివర్‌లో కొవ్వు చేరడానికి మందు ఒక్కటే దారి కాదు. ఎక్కువైన చక్కెరను, అందులోనూ ఫ్రక్టోజును, లివర్ కొవ్వుగా మార్చుకుంటుంది. 300 మిల్లీలీటర్ల కోలాలో సుమారు 30 గ్రాముల చక్కెర ఉంటుంది. మీరు ఆదివారం రెండు గ్లాసులు తాగుతున్నారంటే, లివర్ కోసం విస్కీ మానేసి అదే లివర్‌కు 60 గ్రాముల చక్కెర పంపుతున్నారు. వెగటు పుట్టడం మీ నాలుక చేసిన మేలు. హోటళ్ళలో మాక్‌టెయిల్ పేరుతో ఇచ్చే రంగు గ్లాసులు ఇంకా ఘోరం. ఈ కషాయం మొత్తానికీ మనం వేసింది రెండు చెంచాలు, అందులో కొంత మాడి పోయింది. పెగ్గుకు రెండు గ్రాములు కూడా పడదు.

మీ పిల్లలెవరైనా విదేశాల్లో ఉండి, వచ్చేటప్పుడు ఏం తేవాలని అడిగితే, ఆల్కహాలు లేని స్పిరిట్లు అక్కడ సీసాల్లో దొరుకుతున్నాయి. ఆస్ట్రేలియాలో మొదలైన లైర్స్ కంపెనీ ‘అమెరికన్ మాల్ట్’ పేరుతో బర్బన్‌కు నకలు అమ్ముతుంది. సరదాకు ఒక సీసా తెప్పించుకోవచ్చు. ప్రతి ఆదివారానికీ అయితే పోపులపెట్టే దిక్కు.

ఇక మీ మేడ సంగతి. ఇంత కష్టపడి చేసేది విస్కీ రంగులోనే ఉంటుంది, సోడా పోశాక ఎవరి గ్లాసు ఏదో గుర్తుపట్టలేరు. రెండో రౌండుకు చీకటి పడుతుంది, ఎవరో ఒకరు పొరపాటున మీ గ్లాసులో వాళ్ళది పోస్తారు, లేదా మీరే వాళ్ళ గ్లాసు ఎత్తుతారు. కాబట్టి మీ గ్లాసు ఆకారమే వేరుగా ఉండాలి. కాఫీ మగ్గో, స్టీలు గ్లాసో పెట్టుకోండి. అందరిలాంటి గ్లాసు పట్టుకోవాలన్న ముచ్చట మీకుందని తెలుసు, ఆ ఒక్కటీ వదులుకోండి. సీసా కూడా ఖాళీ విస్కీ సీసా వాడొద్దు. తేనె సీసాలో పోసి మీ కుర్చీ పక్కన పెట్టుకోండి, మీ గ్లాసు మీరే కలుపుకోండి. ‘ఒక్క చుక్క కలిపితే ఏమవుతుందిరా’ అనే స్నేహితుడు ప్రతి గుంపులోనూ ఒకడుంటాడు. వాడికి ముందే మీ గ్లాసులోంచి ఒక గుక్క ఇవ్వండి. ఏం కలిపావురా అని అడగడం మొదలుపెడితే, చుక్క సంగతి మర్చిపోతాడు.

మంచింగ్ కూడా రుచిని మారుస్తుంది. ఉప్పు చేదును అణుస్తుంది, కాబట్టి పక్కన ఉప్పగా ఏదైనా ఉంటే ఈ గ్లాసు ఇంకాస్త మెత్తగా దిగుతుంది. చికెన్ సిక్స్‌టీఫైవ్, మిర్చి బజ్జీ మీ లివర్‌కు మళ్ళీ అదే గొడవ, పైగా నూనె నాలుక మీద పొరకట్టి టీ వగరును తెలియనివ్వదు. ఉప్పేసి ఉడికించిన వేరుశెనక్కాయలు, వేయించిన శెనగల్లో ఉల్లిపాయ తరిగి నిమ్మకాయ పిండినవి, ఈ రెండూ దీనికి బాగా నప్పుతాయి. శెనగల్లో కారం చల్లకండి. మంట పని గ్లాసుకే వదిలేయండి.